మీకు తెలుసా? నూరేళ్లు దాటాక పెరిగిన దమ్ము

ఫ్రాన్స్‌కు చెందిన రొబేర్ మార్షాన్ మనిషి పొట్టి, ఐదడుగులే. మధ్యలో ఎన్నో ఏళ్లు వదిలేసిన సైకిల్‌ను డెబ్బైకి చేరువలో మళ్లీ పట్టాడు. 2012లో, నూరేళ్లు నిండాక, గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కాడు. అసలు విశేషం ఆ తర్వాతే.

శరీర ధర్మ శాస్త్రవేత్త వెరోనిక్ బిల్లా ఆయనకు రెండేళ్ల శిక్షణ రూపొందించారు. ఏడాదికి సుమారు 5,000 కిలోమీటర్లు. అందులో 80 శాతం ఆయాసం రాకుండా, హాయిగా. మిగతా 20 శాతం మాత్రం ఒళ్లు వంచి. (మనమేమో రోజూ అదే మధ్యరకం వేగంతో తొక్కి, మార్పేమీ లేదని వాపోతాం!) ఫలితం? ఒళ్లు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ కిలో బరువుకు నిమిషానికి 31 మిల్లీలీటర్ల నుంచి 35కు పెరిగింది. ఆ వయసులో తగ్గకపోతేనే గొప్ప! 2014లో గంటలో 26.927 కిలోమీటర్లు తొక్కి తన రికార్డు తానే చెరిపేశాడు.

2017 జనవరిలో, 105 ఏళ్ల వయసులో మళ్లీ ట్రాక్ ఎక్కి గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కాడు. దిగాక ఒకటే ఫిర్యాదు: ఇంకా పది నిమిషాలే ఉందని చూపే బోర్డు కనబడలేదట, లేకపోతే ఇంకా జోరుగా తొక్కేవాడట.