తోటి పిట్టలను తరిమే పిట్ట

నాయిజీ మైనర్ ఆస్ట్రేలియా తూర్పు, ఆగ్నేయ ప్రాంతాల సొంత పక్షి. పావు మీటరు పొడవు, 70-80 గ్రాముల బరువు ఉంటుంది. బూడిదరంగు ఒళ్లు, నల్లని నెత్తి, పసుపు ముక్కు, కంటి వెనక కాస్త పసుపు చర్మం. చూడగానే తెలుగువారికి గోరింక గుర్తొస్తుంది గానీ రెంటికీ చుట్టరికం లేదు. ఇది పూలతేనె తాగే హనీఈటర్ కుటుంబానికి చెందింది. గోరింకను తోటల్లో పురుగులు తింటుందని 1862లో మెల్‌బోర్న్‌కు తీసుకెళ్లి వదిలారు. పరాయి పక్షి కావడంతో పిట్టలు తగ్గిపోయిన నేరం చాలామంది దాని మీదే మోపుతారు. అక్కడి అడవి పిట్టలకు అసలు గండం మాత్రం దేశవాళీ నాయిజీ మైనరే.

హద్దులు కాచుకోవడం పక్షుల్లో మామూలే. అయితే ఎక్కువ పక్షులు తమ జాతి పక్షులనే తరుముతాయి, అదీ గూడు కట్టే కాలంలోనే. తిండికీ, గూటికీ, జతకూ పోటీ వచ్చేది ప్రధానంగా వాటితోనే కదా. నాయిజీ మైనర్‌కు ఈ లెక్కలేవీ పట్టవు. ఏడాది పొడవునా, ఏ జాతి పిట్ట వచ్చినా వెంటపడుతుంది. తిండి పోటీ ఏమాత్రం లేని కోలాల మీద, మేస్తున్న ఆవుల మీద కూడా దూకుతుంది. ఒంటరిగా కాదు, మూకగా. ఒక్కో స్థావరంలో పదుల నుంచి వందల దాకా పక్షులుంటాయి. ఒకటి హెచ్చరికగా అరిచిందంటే చుట్టుపక్కలవన్నీ వచ్చి వాలుతాయి. వీటిలో మగవాటి సంఖ్య ఎక్కువ. ఒక తల్లి గూట్లోని పిల్లలకు చాలా మగపక్షులు కలిసి మేత తెచ్చిపెడతాయి. పిల్లల పెంపకంలో ముచ్చటగా కనిపించే ఆ ఐకమత్యమే పొరుగు పిట్టల పాలిట శాపం.

దెబ్బ ఎక్కువగా తగిలేది 63 గ్రాముల లోపు బరువున్న చిన్న పిట్టలకు. పార్డలోట్లు, థార్న్‌బిల్‌లు, ఫెయిరీ రెన్‌లు, రాబిన్‌లు, ఫ్యాన్‌టెయిల్‌లు ఈ జాబితాలో ముందుంటాయి. కొన్ని దాడుల్లో చచ్చిపోతాయి. చాలావరకు మేయనివ్వక, గూడు కట్టనివ్వక తరిమేయడంతో వెళ్లిపోతాయి. ఇందుకు నాయిజీ మైనర్లు కిక్కిరిసి ఉండనక్కర్లేదు. హెక్టారుకు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలకు, సగటున 0.6 నుంచి 0.8 పక్షి చేరితే చాలు, చిన్న పిట్టల జాతులు పడిపోతున్నాయని పరిశోధకులు లెక్కగట్టారు. మ్యాగ్‌పైలు, బుచర్‌బర్డ్‌ల లాంటి పెద్ద పక్షులు మాత్రం వీటి నడుమ నెట్టుకొస్తాయి. ఈ రెండూ ఇతర పక్షుల గూళ్లలో గుడ్లనూ పిల్లలనూ తినేవి కావడం మరో దెబ్బ. అలాంటి అడవిలో అడుగుపెడితే పక్షులకు కొదవ లేదనిపిస్తుంది, అంత గోలగా ఉంటుంది. జాతులు లెక్కపెడితే మాత్రం పిడికెడు కూడా తేలవు.

నష్టం చెట్ల దాకా పాకుతుంది. యూకలిప్టస్ ఆకుల రసం పీల్చే సన్నని పురుగులు తమ మీద లెర్ప్ అనే తియ్యని పెంకు కట్టుకుంటాయి. ఆ పెంకులనూ పురుగులనూ ఏరుకు తినే పార్డలోట్లను తరిమేస్తే పురుగులు పెరుగుతాయి, ఆకులు రాలతాయి. లెర్ప్‌ను నాయిజీ మైనర్లూ తింటాయి, కానీ అన్ని రకాల చిన్న పిట్టలు చేసే పని వాటి వల్ల కాదు. పొలాల్లో మిగిలిన యూకలిప్టస్‌లు ఎండిపోవడానికున్న కారణాల్లో ఇదొకటి.

ఈ పక్షి వేల ఏళ్లుగా అక్కడే ఉంది. మారింది నేల. గోధుమ కోసం, గొర్రెల మేత కోసం అడవులు నరికాక మిగిలినవి చిన్న ముక్కలు, రోడ్ల పక్క సన్నని చెట్ల వరసలు. చెట్ల కింది పొదలను పశువులు తినేశాయి. నాయిజీ మైనర్‌కు నచ్చేది సరిగ్గా ఇదే: అడవి అంచు, ఎత్తైన చెట్లు, కింద బోసి నేల. అంచు నుంచి 150 మీటర్లు మొదలు 300 మీటర్లకు పైగా లోపలికి దీని పెత్తనం సాగుతుంది. ముక్క సన్నగా ఉంటే ఇక లోపలన్నదే మిగలదు. పొలంలోకి పొడుచుకొచ్చే మూలలైతే దీనికి మరీ ఇష్టం. నగర శివార్లదీ ఇదే కథ. తెలుగు కుటుంబాలు స్థిరపడిన సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ వీధుల్లో పచ్చిక, పెద్ద చెట్లు, ఏడాదిలో ఎక్కువ కాలం పూసే సంకర గ్రెవిల్లియాలు ఉన్నచోట దీని అరుపు వినిపించకపోతేనే వింత.

బాగా నలిగిన పిట్టల్లో రీజెంట్ హనీఈటర్ ఒకటి. ఒకప్పుడు పెద్ద గుంపులుగా తిరిగిన ఈ పక్షి ఇప్పుడు కొన్ని వందలే మిగిలింది. గుంపు బలం పోయాక పూసిన చెట్టును కాచుకోవడం దాని తరం కావడం లేదు. పాట నేర్పే పెద్దలు దొరక్క కొన్ని కుర్ర మగపక్షులు వేరే జాతుల పాట అందుకుంటున్నాయి.

నాయిజీ మైనర్ల వల్ల ఇతర పక్షులు అడవికి దూరమవడాన్ని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2014లో జీవజాతులకు ప్రధాన ముప్పుల్లో ఒకటిగా చట్టం కింద చేర్చింది. చిక్కేమిటంటే, దేశవాళీ పక్షి కాబట్టి దీనికీ చట్టరక్షణ ఉంది, అనుమతి లేకుండా చంపకూడదు. చంపితే ఫలితం ఉంటుందా? 1990 దశకంలో విక్టోరియా ఈశాన్య ప్రాంతంలో కొన్ని అడవి ముక్కల నుంచి వీటిని తొలగిస్తే చిన్న పిట్టలు తిరిగి వచ్చాయి. తర్వాత న్యూ ఇంగ్లండ్ పీఠభూమిలో చేసిన ప్రయత్నంలో మాత్రం ఖాళీ అయిన చోటును చుట్టుపక్కల నాయిజీ మైనర్లే వెంటనే నింపేశాయి. నిలకడగా పనిచేసేది పొదల పెంపకమే. తుమ్మ జాతి అకేసియాలు, దట్టమైన పొదలు ఉన్నచోట ఇవి చేరడానికి ఇష్టపడవు, చిన్న పిట్టలకు దాక్కునే చోటు దొరుకుతుంది. ఎత్తైన యూకలిప్టస్‌లు మాత్రమే వరసగా నాటి అడవి పెంచామనుకుంటే దాని లాభం నాయిజీ మైనర్‌కే. పొదలు చిక్కబడటానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా రీజెంట్ హనీఈటర్లు గూళ్లు కట్టే చోట్ల, ఆ కాలంలో, నాయిజీ మైనర్లను తొలగించక తప్పదు.