కోడు రాయడం రాకున్నా తెలుగు వస్తే చాలు

కంప్యూటర్ ప్రోగ్రాములంటే అమెరికాలోనో, హైదరాబాదులోనో అద్దాల మేడల్లో కూర్చున్న ఇంజనీర్లు తయారుచేసేవనీ, పల్లెటూరి వారికి వాటిని వాడుకోవడం తప్ప మరో సంబంధం లేదనీ చాలామంది అభిప్రాయం. ఇది సగమే నిజం. ఊళ్లలో పెళ్లి వీడియోలు చూడటానికి వాడే వి.ఎల్.సి. ప్లేయరునే తీసుకుందాం. రోడ్డు మీద అడ్డంగా పెట్టే నారింజరంగు టోపీ దాని గుర్తు. పారిస్ శివారులోని ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు 1996లో దాన్ని మొదలుపెట్టారు. 2001 నుంచి దాని లోపలి రాత అంతా బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, ఇంకొకరికి పంచవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లకు పునాదిగా ఉన్న లినక్స్ కూడా ఇటువంటిదే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి దాన్ని ప్రారంభించగా, తర్వాత దేశదేశాల నుంచి వేలాది మంది దానిలో తలా ఒక చెయ్యి వేశారు.

వీటిని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటారు. రైతులకు విత్తనాల సంగతి చెబితే ఇది ఇట్టే బోధపడుతుంది. కంపెనీ హైబ్రిడ్ విత్తనం ఏటా కొనవలసిందే. నాటు విత్తనమైతే గాదెలో దాచుకోవచ్చు, పొరుగు రైతుకు నాలుగు మానికలు ఇవ్వవచ్చు, తన చేనికి తగినట్టు ఏరుకోవచ్చు. ప్రోగ్రాములకు కూడా ఈ స్వేచ్ఛ ఉండాలంటూ అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఉద్యమం లేవదీశారు.

అయితే ఒక చిక్కుంది. ఫిన్లాండు వారికి, ఫ్రాన్సు వారికి తెలుగు రాదు. వారు రాసిన ప్రోగ్రాము తెరపై తెలుగు కనిపించాలంటే తెలుగువారే పూనుకోవాలి. ఇంగ్లీషు రాని పెద్దవారు ఫోనులో ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెలియక పిల్లల చేతికిచ్చి కూర్చోవడం ప్రతి ఊళ్లో కనిపించే దృశ్యమే. ఆ పిల్లలు పనిమీద పట్నం పోతే ఫోను మూగబోయినట్టే. ఈ లోటు తీర్చడానికి ప్రోగ్రాములు రాసే విద్య అక్కరలేదు. కావలసింది మంచి తెలుగు.

దస్త్రం మళ్లీ వచ్చింది

తెలుగు వికీపీడియా అనే ఉచిత విజ్ఞాన సర్వస్వాన్ని వెన్న నాగార్జున 2003 డిసెంబరులో ప్రారంభించారు. దాన్ని నడిపే మీడియావికీ అనే సాఫ్ట్‌వేరు కూడా ఓపెన్ సోర్సే. అందులోని మీటల పేర్లు, హెచ్చరికలు, సూచనలు అన్నీ ఔత్సాహికులే ఒక్కొక్కటిగా తెలుగు చేశారు. పాస్‌వర్డు సంకేతపదమైంది. ఫైలుకు దస్త్రం అని పెట్టారు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక దస్త్రం అన్న మాట ఊళ్లలో వినపడటం తగ్గింది. అటువంటి మాట కంప్యూటర్ తెర మీద మళ్లీ కనిపించడం విశేషం. కరణం గారి ఇంట గుడ్డ చుట్టి పెట్టిన కట్టకూ, కంప్యూటరులోని ఫైలుకూ పోలిక చూసి ఆ మాట ఎంచినవారిని మెచ్చుకోవలసిందే.

ఈ పనిలో చిక్కులు కూడా తెలుగుకే చెందినవి. తెరపై ఒకరి పేరు వచ్చే చోట ప్రోగ్రాములో పేరుండదు, "$1" వంటి గుర్తు ఉంటుంది. దాన్ని చెరపకూడదు. ఇంగ్లీషులో పేరుకు ముందు ఒక చిన్న మాట చేరిస్తే సరిపోతుంది. తెలుగులో పేరు చివర విభక్తి చేరాలి. హరి అయితే "హరికి", సుబ్బయ్య అయితే "సుబ్బయ్యకు". యంత్రానికి ఈ తేడా తెలియదు. అక్కడ "గారికి" అని పెడితే ఎవరి పేరు వచ్చినా తప్పు దొర్లదు, మర్యాదా దక్కుతుంది. ఇటువంటి కిటుకు తెలుగు మాట్లాడేవారికి తడుతుంది గానీ పారిస్ ఇంజనీరుకు తట్టదు.

హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ అనే సంస్థ కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రామునే తెలుగులో తెచ్చింది. ఎంత చేసినా కొత్త ప్రోగ్రాములు వస్తూనే ఉంటాయి, పాతవాటికి కొత్త మీటలు చేరుతూనే ఉంటాయి. కనుక ఒకసారి తెలుగు చేసి వదిలేస్తే చాలదు. కొందరు ఇంగ్లీషు వాక్యాన్ని యంత్రం చేత అనువదింపజేసి అలాగే పంపేస్తున్నారు. దీనికంటే ఊరకుండటం మేలు. చదివినవాడికి అర్థం కాని తెలుగు కన్నా ఇంగ్లీషే నయమని జనం పాత దారికి పోతారు.

తప్పు చెప్పడమూ సాయమే

వత్తులు, గుణింతాలు తెరపై సరైన చోట కూర్చోవాలంటే లోపల చాలా తతంగం జరగాలి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్‌లలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. తెలుగు అక్షరం ఎంత పని చేయగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. "జ్ఞా" అనే అక్షరం ఒక ప్రత్యేక పద్ధతిలో టైపయి వస్తే ఐఫోనులోని ప్రోగ్రాములు కుప్పకూలాయి. ఐఫోను ప్రోగ్రాము తలుపులు మూసినది కనుక బయటివారు లోపలికి తొంగిచూసి సరిదిద్దే వీల్లేకపోయింది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది, కంపెనీ అదే నెలలో సవరణ విడుదల చేసింది. అంత గగ్గోలు పుట్టని చిన్న తప్పుల మాట ఏమిటి? వత్తు పక్కకు జరిగినా, ఒక అక్షరం మీద మరొకటి పడినా తెలుగు చదివేవాడే పట్టుకోవాలి. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో అలాంటివి తెలియజేయడానికి ఎవరికైనా దారి ఉంది.

ఐతే చెప్పే పద్ధతి ఉంది. బోరు మోటారు మెకానిక్కుకు "మోటారు ఆడటం లేదు" అని కబురు పెడితే అతడు వట్టి చేతులతో వస్తాడు. "స్టార్టరు నొక్కితే గుర్రుమంటోంది, రెండు ఫేజులే వస్తున్నాయి" అంటే తగిన సామాను తెచ్చుకుంటాడు. ఇక్కడా అంతే. ఏ ఫోను, ప్రోగ్రాము ఎన్నో కూర్పు, ఏ మీట నొక్కారు, ఏమి వస్తుందనుకున్నారు, ఏమి వచ్చింది అన్నవి రాసి, తెర ఫోటో జతచేయాలి. అదే తప్పును అంతకు ముందే ఎవరైనా తెలిపారేమో చూసుకోవడం మర్యాద.

గొంతు, ఊరి పేరు

చదవడం, రాయడం కష్టమైనవారికి మాటతోనే పనిచేసే యంత్రాలు వస్తున్నాయి. వాటికి తెలుగు నేర్పాలంటే తెలుగు గొంతులు కావాలి. ఫైర్‌ఫాక్స్‌ను తెచ్చిన మొజిల్లా సంస్థ 2017లో కామన్ వాయిస్ అనే పథకం పెట్టింది. అందులో తెలుగు కూడా ఉంది. తెరపై కనిపించే వాక్యాన్ని చదివి రికార్డు చేస్తే మరో ఇద్దరు విని సరిగా ఉందని ధ్రువపరుస్తారు. అలా చేరిన గొంతులను ఎవరైనా తమ ప్రోగ్రాములకు వాడుకోవచ్చు. రేడియో వార్తల ఉచ్చారణ ఒక్కటే విని నేర్చిన యంత్రానికి శ్రీకాకుళం మాట గానీ, మహబూబ్‌నగర్ మాట గానీ ఎలా తెలుస్తుంది? ఆడవారు, ముసలివారు, పొలం పనివారు గొంతు కలిపితేనే రేపు వారి మాట దానికి తెలిసేది. చదవడానికి కొత్త వాక్యాలు కూడా ఇవ్వవచ్చు. అవి సొంతంగా కల్పించినవి గానీ, కాపీరైటు లేనివి గానీ అయి ఉండాలి. కాపీరైటు ఉన్న సినిమా పాటలు, పుస్తకాల్లోని వాక్యాలు పనికిరావు.

మరొకటి దేశపటం. స్టీవ్ కోస్ట్ అనే ఇంగ్లండు యువకుడు 2004లో ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను జనమే గీస్తారు. 2010 జనవరిలో హైతీ రాజధాని భూకంపంలో కూలినప్పుడు ఎక్కడెక్కడి ఔత్సాహికులో ఉపగ్రహ చిత్రాలు చూసి వీధులు గీయగా, సహాయక బృందాలు ఆ పటంతో దారి పట్టాయి. పైనుంచి తీసిన ఫోటోలో ఇళ్లు కనిపిస్తాయి గానీ వాడ పేరు కనిపించదు. అది ఆ ఊరివారే చెప్పాలి. తండాలు, శివారు పల్లెలు, చెరువు కట్ట దారుల వివరాలు చేర్చడానికి స్ట్రీట్‌కంప్లీట్ అనే ఆండ్రాయిడ్ ప్రోగ్రాము కొంత ఊతమిస్తుంది. ఇదీ ఓపెన్ సోర్సే. ఈ రోడ్డు తారుదా, సిమెంటుదా, మట్టిదా అని నడుస్తున్న చోటే అడుగుతుంది. చూసి జవాబు నొక్కడమే పని. ఇతర కంపెనీల పటాల నుంచి పేర్లు ఎత్తి రాయడం మాత్రం నిషిద్ధం. స్వయంగా చూసినవి, తెలిసినవి మాత్రమే చేర్చాలి.

ప్రోగ్రాములు నేర్చుకుంటున్న విద్యార్థులకు గూగుల్ 2005 నుంచి సమ్మర్ ఆఫ్ కోడ్ పేరిట భృతి ఇచ్చి ఓపెన్ సోర్స్ పని చేయిస్తోంది. 2022లో విద్యార్థులు కాని కొత్తవారికి కూడా తలుపు తీశారు. ఇందులో చేరదలచినవారు ముందుగా ఒక ప్రోగ్రాము ఎంచుకుని, దాని చిన్న తప్పులు సరిదిద్ది, అక్కడివారికి పరిచయం కావడం మంచిది. 2020 అక్టోబరులో మరో పథకం కింద నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామనగా, ఎందరో ఒక మాట అటూ ఇటూ మార్చి కుప్పలుగా పంపారు. జీతం లేకుండా పనిచేసే నిర్వాహకులు ఆ చెత్త ఏరలేక తల పట్టుకున్నారు. ఇష్టమైన ప్రోగ్రాములు మాత్రమే ఇందులో చేరేలా ఆ నెలలోనే నియమం మార్చవలసి వచ్చింది. టీషర్టు మోజు ఎంత పనైనా చేయిస్తుంది!

మొదలుపెట్టదలచినవారు తాము రోజూ వాడే ప్రోగ్రామునే ఎంచుకోవాలి. దాని అమరికల్లో చివరగా ఉండే "గురించి" అన్న చోట అది ఓపెన్ సోర్స్ అవునో కాదో తెలుస్తుంది. చాలావాటిలో అనువాదాలు, ఫిర్యాదులు ఎక్కడ పంపాలో కూడా అక్కడే ఉంటుంది. పంపిన మాట తెరకెక్కడానికి వారాలు పట్టవచ్చు. చూసేవారు కూడా ఖాళీ వేళల్లో చేస్తున్నవారే. పంపినవారి పేరు సాధారణంగా అందరికీ కనిపించేలా నమోదవుతుంది కనుక ఇష్టం లేనివారు మారుపేరు పెట్టుకోవచ్చు.