తువాస్ జీతంతో జొహోర్‌లో అద్దె బిల్డింగ్

తువాస్‌లో మీరు కొనుక్కోవడానికి ఇల్లు దొరకదు. అక్కడున్నవి ఫ్యాక్టరీలు, గోదాములు, కార్మికుల డార్మిటరీలు, 2022లో అధికారికంగా తెరిచిన కొత్త ఓడరేవు. అయినా మనవాళ్లలో చాలామందికి ఇంటి కల మొదలయ్యేది అక్కడే. 1998లో తెరిచిన రెండో వంతెన మీదుగా తెల్లవారకముందే షిఫ్టుకు వెళ్లి, డాలర్లలో జీతం తెచ్చుకుంటున్న కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: జొహోర్‌లో నాలుగు పోర్షన్ల చిన్న బిల్డింగ్ కొని అద్దెకిస్తే ఎలా ఉంటుంది?

ఈ కోరిక ఎక్కడిదో మీకు చెప్పక్కర్లేదు. మన తాతలున్న ఎస్టేట్ లైన్లు కంపెనీవి. పని పోతే ఇల్లూ పోయేది. తోట అమ్ముడైతే మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చేది. అందుకే పత్రం మీద మన పేరుండాలన్న పట్టుదల. మంచిదే, కానీ పట్టుదలను చూసి బ్యాంకు వాయిదా తగ్గించదు.

సింగపూర్‌లోనే కొందామా అంటే, 2023 ఏప్రిల్ 27 నుంచి విదేశీయులు ఇల్లు కొంటే అదనపు స్టాంపు సుంకమే 60 శాతం. పైగా ఒక బిల్డింగ్‌లోని ఫ్లాట్లన్నీ విదేశీయులు అనుమతి లేకుండా కొనకూడదు. కాబట్టి వంతెనకు ఇవతలే చూద్దాం.

ఆరు లక్షల రింగిట్ల మూడంతస్తుల షాప్‌లాట్ అనుకోండి. బ్యాంకు 80 శాతం ఇస్తే మీ చేతి నుంచి 1,20,000 పెట్టాలి. బదిలీ స్టాంపు సుంకం 12,000, అప్పు పత్రం మీద మరో 2,400, లాయరు ఫీజు వేరు. 4,80,000 అప్పుకు నాలుగున్నర శాతం వడ్డీతో, ముప్పై ఏళ్లకు నెల వాయిదా సుమారు 2,432. నాలుగు పోర్షన్లు, ఒక్కోటి 900 చొప్పున, ఏడాదికి 43,200 వస్తుందని ఏజెంటు చెప్తాడు. అక్కడితో ఆగకండి. ఒక్కో పోర్షన్ ఏడాదికి ఒక నెల ఖాళీ అనుకుంటే 3,600 పోతుంది. మున్సిపల్ పన్ను, బీమా, రిపేర్లకు 6,000 తీసేయండి. వాయిదాలు కట్టాక మిగిలేది దాదాపు 4,400. ఇంకో రెండు పోర్షన్లు మూడు నెలలు ఖాళీగా ఉంటే, మీ జీతంలోంచి వెయ్యి దాకా కట్టాలి. డాలరు బలం చూసి ధైర్యపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి, అద్దె వచ్చేది రింగిట్లలోనే.

పోర్షన్లు ఖాళీగా ఉండవని ఎవరైనా చెప్తే, జొహోర్‌లో అమ్ముడుపోక మిగిలిన సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లను గుర్తుచేయండి. కొత్త ఆర్‌టీఎస్ రైలు వల్ల అద్దెలు పెరుగుతాయన్న మాటా వింటారు. ఆ రైలు బుకిట్ చగార్ నుంచి వుడ్‌లాండ్స్‌కి. తువాస్ వైపు ఉన్న గేలాంగ్ పతాలో బిల్డింగ్ కొనేవాడికి దానితో ఏం పని?

పై అంతస్తులు కార్మికులకు ఇద్దామనుకుంటే ఇంకో మెలిక. 2020 జూన్ నుంచి, యజమాని తన కార్మికులను ఉంచే బసకు కార్మిక శాఖ సర్టిఫికెట్ ఉండాలి. అది వచ్చేలా మీ బిల్డింగ్ ఉందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి.

పత్రాల సంగతి లాయరుకే వదిలేయకండి. భూమి కార్యాలయంలో సెర్చ్ తీయించి మీరే చదవండి. మలాయ్ రిజర్వ్ భూమి మన పేరుకు మారదు. బూమి లాట్ అన్నా అదే చిక్కు. లీజ్‌హోల్డ్ అయితే ఎన్నేళ్లు మిగిలిందో, బదిలీకి రాష్ట్రం అనుమతి కావాలో లేదో చూడండి. సీసీసీ సర్టిఫికెట్ ఉందా? ప్లాన్‌లో మూడంతస్తులుంటే నిలబడి ఉన్నవీ మూడేనా?

తొందరపడి అమ్మితే పన్ను కూడా తక్కువేం కాదు. మలేషియా పౌరుడు మూడేళ్లలోపు అమ్మితే లాభంలో 30 శాతం పోతుంది. నాలుగో ఏట 20, ఐదో ఏట 15, ఆరో ఏడు నుంచి ఏమీ లేదు. అందువల్ల కనీసం ఐదేళ్లపాటు, నెలకు కొంత చేతి డబ్బు పడ్డా నిలబడగలిగినవాళ్లే అడ్వాన్సు చెక్కు రాయాలి.