23వ మడి మట్టి

తొలకరి జల్లు పడగానే నేల నుంచి కమ్మని వాసన వస్తుంది కదూ! ఆ వాసన చాలావరకు మట్టిది కాదు. మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియాలు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది. ఈ బాక్టీరియాలు పెరగటం చూస్తే బూజు గుర్తుకొస్తుంది. సన్నని దారాల్లా కొమ్మలు వేస్తాయి. ఆ కొసల్లో గొలుసుల్లా సిద్ధబీజాలు పుడతాయి. అయినా వీటి కణాల్లో కేంద్రకం లేదు. కనుక ఇవి శిలీంధ్రాలు కావు, బాక్టీరియాలే.

వీటిలో ఒక రకం ‘కొత్తది’ అని తేల్చడం ఎలా? పువ్వుకైతే రేకలు లెక్కపెట్టవచ్చు, పిట్టకైతే రెక్కల రంగు చూడవచ్చు. ఇవి కంటికే ఆనవాయె! ఒక నిజమైన ఉదాహరణ చూద్దాం.

1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు డైరెక్టరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు యూనివర్సిటీ నుంచి రిటైరై, 70 ఏళ్ళు దాటాక అక్కడ చేరాడు. రోగక్రిములను చంపే మందు కోసం ఆయన ఎక్కడెక్కడి మట్టినో తెప్పించుకున్నాడు. 1945లో మిస్సోరీ యూనివర్సిటీవారి శాన్‌బర్న్ క్షేత్రం నుంచి కూడా మట్టి వచ్చింది. అది 23వ మడిది; తిమోతీ అనే పశుగ్రాసం పెరిగే నేల.

మట్టిని నేరుగా సూక్ష్మదర్శినితో చూస్తే ఏమీ తేలదు, అంతా కలగాపులగం. అందుకని చిటికెడు మట్టిని నీళ్ళలో కలుపుతారు. అందులో కొంచెం తీసి మళ్ళీ నీళ్ళలో, అందులో కొంచెం తీసి మళ్ళీ నీళ్ళలో... ఇలా బాగా పలచన చేసి, ఒక చుక్కను అగర్ పోసిన గిన్నెలో పరుస్తారు. ఇప్పుడు కణాలు దూరదూరంగా పడతాయి. ఒక్కొక్కటీ పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. దీన్ని కాలనీ అంటారు. ఒక కాలనీని తీసి మళ్ళీ మళ్ళీ విడిగా పెంచితే శుద్ధమైన వంగడం దొరుకుతుంది.

23వ మడి మట్టిలో డగ్గర్‌కు దొరికిన వంగడానికి ఎ-377 అని గుర్తు వేశారు. దాని కాలనీ బంగారు పసుపు రంగు. పక్కనున్న రోగక్రిములను అది పెరగనివ్వలేదు. ఏ ఆహారం మీద ఎలా పెరుగుతోంది, ఏ రంగు వస్తోంది, సిద్ధబీజాలు ఎలా ఉన్నాయి అని పరిశీలించి, తెలిసిన జాతులతో పోల్చి, ఇది కొత్త జాతేనని 1948లో డగ్గర్ ప్రకటించాడు. పేరు స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్. రెండో మాటకు లాటిన్‌లో ‘బంగారు రంగు కలిగించేది’ అని అర్థం. మందు పేరు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ మందుల్లో మొట్టమొదటిది ఇదే. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

పేరులో మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. మన పేర్లలాగే, ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత!

అయితే రంగును పూర్తిగా నమ్మడానికి లేదు. ఆహారం మారిస్తే రంగూ మారవచ్చు. మందులకు గిరాకీ పెరిగాక చిన్న చిన్న తేడాలకే కొత్త పేర్లు పెట్టేశారు. స్ట్రెప్టోమైసిస్‌లోనే పేర్లు వేలకు చేరాయి! ఈ చిక్కు విడదీయడానికి 1960లలో అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలిసి, ఎన్నో వంగడాలను ఒకే రకం ఆహారాల మీద పెంచి పోల్చవలసి వచ్చింది.

ఇప్పుడు డి.ఎన్.ఎ.నే చదువుతారు. ప్రొటీన్లు తయారుచేసే రైబోసోముకు సంబంధించిన 16ఎస్ జన్యువు ప్రతి బాక్టీరియాలోనూ ఉంటుంది, చాలా నెమ్మదిగా మారుతుంది. పొడవు సుమారు 1500 అక్షరాలు. తెలిసిన జాతులన్నిటితోనూ పోలిక 98.7 శాతం కన్నా తక్కువైతే అది కొత్త జాతి కావచ్చు. ఎక్కువైతే? అప్పుడు మొత్తం డి.ఎన్.ఎ.ను పోల్చాలి. అందులో పోలిక 95-96 శాతానికి దిగువన ఉంటే వేరే జాతి. ఆ తరవాత సజీవమైన వంగడాన్ని రెండు వేరువేరు దేశాల్లోని భాండాగారాల్లో దాచాలి. ఎవరు అనుమానించినా తెప్పించుకుని పరీక్షించుకోవచ్చు. మన దేశంలో చండీగఢ్‌లో అటువంటి భాండాగారం ఉంది.

డగ్గర్ బాక్టీరియాను కూడా ఈ పరీక్ష వదల్లేదు. 2017లో కొన్ని జన్యువులను పోల్చి చూసి, దాన్ని స్ట్రెప్టోమైసిస్ నుంచి తీసి కితసాతోస్పోరా అనే ప్రజాతిలో చేర్చారు. జపాను శాస్త్రజ్ఞుడు కితసాతో పేరిట 1982లో ఏర్పడిన ప్రజాతి అది. ఇంటిపేరు మారింది. కాని ఆరియోఫేసియన్స్ అన్న సొంత పేరు మాత్రం నియమం ప్రకారం అలాగే ఉంది.