సముద్రానికి మూడు కిలోల మూట

పిల్లలూ! సంక్రాంతి సెలవులకు సముద్రం చూడబోయేవాళ్ళు మీలో ఎందరో ఉంటారు. ఈసారి సముద్రాన్ని గురించి కాక, అక్కడికి పట్టుకుపోయే మూటను గురించి చెప్పుకుందాం. "మూటను గురించి చెప్పేందుకు ఏముంది, మాస్టారూ?" అంటారేమో. చాలా ఉంది. అందులో లెక్కలున్నాయి, విజ్ఞానశాస్త్రం ఉంది, చివరకు మీ క్షేమం కూడా ఉంది. ఎలాగో చూడండి.

మీ ఇంటిల్లిపాదీ బాపట్లలో రైలు దిగి, అక్కడికి సుమారు 9 కిలోమీటర్ల దూరాన ఉన్న సూర్యలంక తీరంలో రెండురోజులు గడిపి రావాలని అనుకున్నారనుకోండి. ప్రయాణం ఖాయమైన మరుక్షణమే అటకమీది పెట్టెలు కిందికి దిగుతాయి. "చలివేస్తే?" అని ఒక దుప్పటి, "మురికైతే?" అని మరో రెండు జతలు, "ఎందుకైనా మంచిది" అని ఇంకా ఏమేమో అందులోకి చేరుతాయి. ఈ "ఎందుకైనా మంచిది" ఉన్నదే, ఇంతకంటె బరువైన మాట మరొకటి లేదు!

రైలువాళ్ళు స్లీపరు తరగతిలో మనిషికి 40 కిలోల సామాను ఉచితంగా తీసుకుపోనిస్తారు. 5 ఏళ్ళు నిండి 12 ఏళ్ళు నిండని పిల్లలకు అందులో సగం. కాని రైలు మోసేదంతా మీ భుజం మోయగలదా? బడిసంచీల బరువును గురించి 2020లో కేంద్ర విద్యాశాఖ ఒక విధానం ప్రకటించింది. దాని ప్రకారం సంచీ బరువు, మోసే విద్యార్థి బరువులో పదోవంతుకు మించకూడదు. బడికి పనికివచ్చిన సూత్రం ప్రయాణానికి పనికిరాదా? మీ బరువు 30 కిలోలైతే మీ మూట 3 కిలోలన్నమాట.

"మూడే కిలోలా!" అని కంగారుపడకండి. కాగితమూ పెన్సిలూ తీసుకుని లెక్క వేయండి. ఖాళీ సంచీ 300 గ్రాములు. పల్చని నూలుబట్టలు రెండు జతలు 600. నీళ్ళలో దిగేందుకు పాలియెస్టరు జత ఒకటి 250. తుండుగుడ్డ 150. అంచు వెడల్పుగా ఉండే టోపీ 100. బ్రష్షు, దువ్వెనవంటివి 150. అర లీటరు నీళ్ళతో సీసా 600. వేయించిన శనగలూ బెల్లమూ 250. ఒక కథల పుస్తకం 200. తడిబట్టలకు విడిగా చిన్న సంచీ 50. మొత్తం ఎంత? 2,650 గ్రాములు. ఇంకా 350 గ్రాములు మిగిలాయి! స్వెట్టరు రైల్లో ఒంటిమీదే ఉంటుంది, చెప్పులు కాళ్ళకే ఉంటాయి. సబ్బు, పళ్ళపేస్టు, దెబ్బలకు రాసే మందు అందరికీ ఒకటి చొప్పున నాన్నగారి సంచీలో ఉంటే చాలు. ఈ బరువులన్నీ సుమారుగా చెప్పినవి. మీ సామాను మీరే తూచి, అసలు లెక్క రాసుకోండి. రోజూ మందు వేసుకునేవాళ్ళు మాత్రం బరువు తగ్గించే ఉత్సాహంలో మందు మానకూడదు సుమా!

"రెండురోజులకు ఆ బట్టలు చాలతాయా?" అని మీ అమ్మగారు అడుగుతారు. ఆమెకు సమాధానం చెప్పాలంటే ముందు మీరొక ప్రయోగం చేయాలి. ఇంట్లో మందపు టర్కీ తువ్వాలు ఒకటి, పల్చని తుండుగుడ్డ ఒకటి తీసుకోండి. రెండింటినీ పొడిగా తూచండి. తరవాత నీళ్ళలో ముంచి, శక్తికొద్దీ పిండి, మళ్ళీ తూచండి. పెరిగిన బరువంతా నీళ్ళదే. టర్కీ తువ్వాలు ఎన్ని నీళ్ళు దాచుకున్నదో చూస్తే ఆశ్చర్యపోతారు. ఇప్పుడు రెండింటినీ ఒకే దండెంమీద ఆరవేసి, గంటకొకసారి ముట్టుకుని చూడండి. తుండుగుడ్డ ముందుగా ఆరిపోతుంది. ఎందుచేత? నీరు ఆవిరయ్యేది గాలి తగిలే పైభాగం నుంచే. పల్చని గుడ్డలో నీరు తక్కువ, గాలి తగిలే చోటు ఎక్కువ. పైగా సముద్రతీరపు గాలిలో తేమ హెచ్చు. తేమ ఎక్కువైన గాలి గుడ్డలోని నీటిని నెమ్మదిగానే తీసుకుంటుంది. అందుచేత అక్కడ మందపు తువ్వాలు మర్నాటికి కూడా చెమ్మగానే ఉండవచ్చు.

బట్టల్లోనూ ఇలాంటి తేడా ఉంది. నూలుదారం నీటిని తనలోకి పీల్చుకుంటుంది. ఎండలో హాయిగా ఉండేది అందుకే, ఆలస్యంగా ఆరేదీ అందుకే. పాలియెస్టరు దారం నీటిని దాదాపు పీల్చుకోదు. పోగుల సందుల్లో నిలిచిన నీరు పోతే చాలు, గుడ్డ ఆరినట్టే. కాబట్టి నీళ్ళలోకి పాలియెస్టరు, ఒడ్డున తిరిగేందుకు నూలు. పొడుగుచేతుల చొక్కా అయితే ఎండదెబ్బనుంచి చర్మాన్ని కూడా కాపాడుతుంది.

మరొక సంగతి. సముద్రపునీటిలో తడిసిన బట్టలను అలాగే ఆరవేయకూడదు. ప్రపంచంలోని సముద్రజలంలో లీటరుకు సగటున 35 గ్రాముల లవణాలుంటాయి. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణవంటి నదులు వచ్చి కలవడంవల్ల మన బంగాళాఖాతంలో ఉప్పు కొంత తక్కువ. అయినా బట్టను అంటిపెట్టుకునేందుకు అది చాలు. వానాకాలంలో వంటింటి ఉప్పుజాడీ చెమ్మగిల్లడం మీరు చూసే ఉంటారు. సముద్రలవణాల్లో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తేమను మరీ లాక్కుంటుంది. అందువల్ల ఉప్పునీటితో ఆరిన బట్ట సాయంత్రానికి మళ్ళీ మెత్తబడుతుంది. బసకు రాగానే ఒక బకెట్టు మంచినీళ్ళలో జాడించి ఆరవేయండి. తెల్లవారి అదే జత మళ్ళీ సిద్ధం! ఒక్క బకెట్టు నీళ్ళు రెండు జతల బట్టల బరువు తగ్గించాయి చూశారా?

ఇక ఇసుక. తడికాళ్ళకు అంటిన ఇసుకను ఎంత దులిపినా పోదు. నీటి తలతన్యత రేణువులను చర్మానికి పట్టి ఉంచుతుంది. కాస్సేపు ఎండలో ఆరనివ్వండి, ఒక్క దులుపుతో రాలిపోతుంది. ఇది తెలియనివాళ్ళు సముద్రపు ఇసుకను సంచీల్లో పోసుకుని ఇంటిదాకా మోసుకువస్తారు!

మూటను ఎలా మోయాలో కూడా తెలియాలి. అదే మూడు కిలోలను సన్నని తాడుతో వేళ్ళకు తగిలించుకుంటే ఎర్రని గీతలు పడతాయి. వెడల్పు పట్టీలతో రెండు భుజాలకూ తగిలించుకుంటే నొప్పే తెలియదు. బరువు మారలేదు. ఆ బరువు ఎక్కువ చోటుమీద పరుచుకోవడంవల్ల ఒత్తిడి తగ్గింది. సంచీలో నీళ్ళసీసావంటి బరువైన వాటిని వీపుకు దగ్గరగా సర్దండి. దూరంగా ఉంటే సంచీ మిమ్మల్ని వెనక్కి లాగుతుంది.

నేను బడిపిల్లలను విహారయాత్రలకు తీసుకువెళ్ళే రోజుల్లో ముందురోజు సాయంత్రం ఒక పరీక్ష పెట్టేవాణ్ణి. ఎవరి సంచీ వాళ్ళు తగిలించుకుని ఆటస్థలం చుట్టూ మూడుసార్లు నడవాలి. మూడో చుట్టు పూర్తికాకుండానే, ఏది అక్కరలేదో ఎవరికి వాళ్ళకే తెలిసిపోయేది. నేను ఒక్క వస్తువునూ తీయించవలసిన పని ఉండేది కాదు. మీరు మీ వీధిలోనే ఈ పరీక్ష పెట్టుకోవచ్చు.

సరే, ఇంత శ్రమపడి బరువు తగ్గించడం దేనికి? భుజంనొప్పి తప్పించుకునేందుకు మాత్రమే కాదు. ఇప్పుడు చెప్పే మాట పిల్లలతోపాటు పెద్దలు కూడా వినాలి.

అలలు ఒడ్డుకు నెట్టిన నీరు మళ్ళీ సముద్రంలోకి పోవాలి కదా! ఒక్కొక్కచోట ఆ నీరంతా ఇరుకైన దారిలో చేరి, వేగంగా వెనక్కి పరుగెత్తుతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. అలలు విరగకుండా ఆ చోటు చుట్టుపక్కలకంటె ప్రశాంతంగా కనిపిస్తుంది. "ఇక్కడ అలలు లేవు, భయం లేదు" అని దిగేవాణ్ణే అది లోపలికి లాగుతుంది. అందులో చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదితే అలిసిపోతాడు. భయపడకుండా తేలుతూ, చెయ్యెత్తి కేకవేయాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ ప్రవాహం దాటాక ఒడ్డుకు రావాలి. మీరు మాత్రం పెద్దవాళ్ళ చేయి పట్టుకోకుండా నీళ్ళలో అడుగుపెట్టనే కూడదు.

ఆ చేయి ఖాళీగా ఉండాలా, వద్దా? సామాను ఎక్కువైతే నలుగురు పెద్దల్లో ఇద్దరు దానికి కాపలా కూర్చుంటారు. మిగిలిన ఇద్దరి చేతుల్లో చెరొక బుట్ట. అందరి చూపూ మూటలమీద! పిల్లలమీద చూపు ఎవరిది? మూట చిన్నదైతే చేయి ఖాళీ, చూపు ఖాళీ. సముద్రపు ఒడ్డున తమ్ముడి చేయి పట్టుకునేందుకు ఒక చేయి మిగలడంకంటె విలువైన సామాను ఏముంటుంది?

బరువు లేని సామాను కూడా ఒకటుంది. అదే సమాచారం. హైదరాబాదులో 1999లో ఏర్పడిన జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం పెద్ద అలలు వచ్చే సూచనలుంటే హెచ్చరిస్తుంది. బయలుదేరే ముందు అది చూడమని నాన్నగారికి చెప్పండి. తీరంలో కాపలావాళ్ళు ఎక్కడ దిగవద్దంటే అక్కడ దిగకండి.

తిరిగివచ్చేటప్పుడు మూట మరీ తేలికవుతుంది. శనగలు అయిపోతాయి, సీసా ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో గవ్వలు నింపేసుకోకండి. సన్యాసిపీత అనే చిన్న పీత తన ఒంటికి సరిపోయే ఖాళీ శంఖాన్ని వెతుక్కుని అందులో కాపురం ఉంటుంది. మీరు తెచ్చేది దాని ఇల్లు కావచ్చు. సంక్రాంతి వెళ్ళాక మన తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టేందుకు వస్తాయి. అవి నడిచే ఇసుకలో ప్లాస్టిక్ సంచులూ సీసాలూ వదిలిరాకండి. మీరు తీసుకుపోయిన ప్రతి కాగితమూ, ప్రతి కవరూ మీతోనే తిరిగిరావాలి. అవి తూచితే యాభై గ్రాములుండవు.

ఇక లేవండి! తక్కెడ ఎక్కడుందో అమ్మను అడిగి, ముందుగా మీ ఖాళీ సంచీని తూచండి.