చెరువులో చేపను చంపేది ఎండేనా?

బెంగళూరులో బళేపేట పక్కనే ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు ఉండేది. ఇప్పుడు ఆ చోట మెజెస్టిక్ బస్టాండు ఉంది. మిగిలిన బెంగళూరు చెరువుల గురించి జనం రెండు మాటలంటారు. ఇది చల్లని ఊరు, ఇక్కడ చేప ఎదగదన్నది ఒకటి. చేపలు చచ్చి తేలితే, ఎండ ముదిరింది కాబట్టి చచ్చాయన్నది రెండోది. ఒకటి చలిని తప్పుపడుతుంది, రెండోది వేడిని. నిజానికి రెండూ అపోహలే. ఏ చేప, ఏ నీరు అన్నది చెప్పకుండా డిగ్రీల గురించి తీర్పు చెప్పలేం.

చేపకు మనలా సొంత ఒంటి వేడి ఉండదు. నీటి వేడే దాని వేడి. నీరు పది డిగ్రీలు వెచ్చబడితే దాని ఒంట్లో జరిగే పనుల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఆకలి, అరుగుదల, ఎదుగుదల అన్నీ దాంతోపాటే పెరుగుతాయి. అయితే ప్రతి జాతికీ ఒక హద్దు ఉంది. శీలావతి, బొచ్చె 25 నుంచి 32 డిగ్రీల మధ్య బాగా తిని బాగా ఎదుగుతాయి. నీరు 20 డిగ్రీల కిందికి దిగితే మేత తగ్గించేస్తాయి. కొండనీటి ట్రౌట్ సంగతి వేరు. దానికి 12 నుంచి 18 డిగ్రీలు హాయి, 25 దాటితే ప్రాణాపాయం. చల్లని చోట ట్రౌట్ తప్ప మరేదీ బతకదనీ అనుకోకూడదు. సుమారు 2,240 మీటర్ల ఎత్తున్న ఊటీకి 1939లో శ్రీలంక నుంచి తెచ్చిన బంగారుతీగ రకం అక్కడి నీటిలో నిలదొక్కుకుంది, గుడ్లు పెట్టి సంతతినీ పెంచుకుంది. బెంగళూరు ఎత్తు 920 మీటర్లే, దాదాపు మన అరకు ఎత్తే. కొల్లేరు చుట్టుపక్కల పెరిగినంత వేగంగా ఇక్కడ చేప పెరగదు కదా అంటే, డిసెంబరు, జనవరి నెలల్లో ఆ మాట నిజమే. కానీ నెమ్మదిగా ఎదగడం వేరు, ఎదగకపోవడం వేరు.

ఇక చావుల సంగతి. 2016 మార్చిలో బెంగళూరులోని అల్సూరు చెరువులో వేల చేపలు చచ్చి తేలాయి. అలాంటప్పుడల్లా నింద ముందు ఎండ మీదకే పోతుంది. లెక్క చూద్దాం. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు, 30 డిగ్రీల నీరు 7.5. బెంగళూరు ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇంకో పదోవంతు తగ్గుతుంది. అయినా 6.8 దాకా మిగులుతుంది. శీలావతికి 5 ఉంటే చాలు. అంటే శుభ్రమైన నీటిలో ఎండ ఒక్కటే వాటిని చంపలేదు. పైగా చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేది తరచుగా తెల్లవారుజామున, రోజంతటిలో నీరు చల్లగా ఉండే వేళ. రాత్రంతా వెలుగు లేక నాచు ఆక్సిజన్ తయారుచేయదు సరికదా, ఉన్నదాన్నే వాడుకుంటుంది. మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియా మిగిలినదాన్నీ లాగేస్తుంది. భీమవరం ప్రాంతంలో చేపల రైతులు ఆ వేళలో నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పేది ఇందుకే.

మరి ఈ చావులు వేసవిలోనే ఎందుకు ఎక్కువ అన్న ప్రశ్న న్యాయమైనదే. వేసవిలో చెరువు నీరు తగ్గుతుంది, అందులో మురుగు వాటా పెరుగుతుంది. వేడికి కుళ్లు వేగం అందుకుంటుంది, చేపకూ ఎక్కువ ఆక్సిజన్ కావాల్సి వస్తుంది. కాబట్టి వేడికి పాత్ర లేదనడం కూడా పొరపాటే. కానీ మురుగు లేని చెరువులో అదే వేడి చేప ఎదుగుదలను పెంచుతుంది. ఎండను మనం ఆపలేం, మురుగు కాలువను ఆపగలం. మీ వీధి చివరి చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి తేలి గాలి కోసం నోళ్లు తెరుస్తుంటే, అందులో ఏ కాలువ కలుస్తోందో చూసి అధికారులకు ఆ రోజే తెలియజేయండి.