ఆశ్రయపురానికి దారి ఏది?

కాటేదాన్ పారిశ్రామికవాడ నుంచి తూర్పుకు కొద్ది కిలోమీటర్లు వెళితే బాలాపూర్ వస్తుంది. మయన్మార్‌లోని రఖైన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు అక్కడ గుడిసెల్లో తలదాచుకున్నాయి. చిత్తుకాగితాలు ఏరడం, రోజుకూలీ... అదే వారి బతుకు. శంషాబాద్ విమానాశ్రయానికి పరుగులు తీసే మనకు ఆ గుడిసెలు కనబడవు.

1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం వారిని పుట్టినగడ్డ మీదే పరాయివాళ్లను చేసింది. ఇక్కడికొస్తే, 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి కార్డు చేతిలో ఉన్నా చట్టం దృష్టిలో వారు అనుమతి లేని విదేశీయులే. 2017 ఆగస్టులో కేంద్ర హోంశాఖ అలాంటివారిని గుర్తించి వెనక్కి పంపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ మీద ఫిర్యాదు చేయాలన్నా ముందు తానెవరో చెప్పుకోవాలి. అందుకే నోరు మూసుకుంటారు. మేస్త్రీకి కూడా ఆ సంగతి తెలుసు!

‘వాళ్లు మన విశ్వాసులు కారు కదా’ అనేవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. సరే, విశ్వాసుల సంగతే చూద్దాం. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో క్రైస్తవుల పేరుంది, మయన్మార్ పేరు లేదు. 2021 ఫిబ్రవరి సైనిక తిరుగుబాటు తర్వాత మిజోరంకు పారిపోయి వచ్చిన చిన్ ప్రజల్లో అత్యధికులు క్రైస్తవులే. వారినీ రానివ్వొద్దని కేంద్రం చెప్పింది. అప్పటి ముఖ్యమంత్రి జోరంథాంగా అది తమవల్ల కాదంటూ ప్రధానికి లేఖ రాశారు. అక్కడి సంఘాలు అండగా నిలిచాయి.

దేశభద్రత చూసుకోవడం ప్రభుత్వ బాధ్యత, కాదనం. కాని దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించిన ఆరు ఆశ్రయపురాలను చూడండి (సంఖ్యాకాండము 35). కావాలని చంపినవాడికి అక్కడ రక్షణ లేదు. అయితే సమాజం ఎదుట విచారణ జరిగేదాకా ఎవరినీ చంపకూడదు. ఆ ఏర్పాటు ఇశ్రాయేలీయులకే కాదు, వారి మధ్యనున్న పరదేశులకూ వర్తించింది. అక్కడికి దారి కూడా సిద్ధపరచాలన్నాడు (ద్వితీయోపదేశకాండము 19:3). ‘నువ్వెందుకు పారిపోయి వచ్చావు?’ అని ఒక్కొక్కరినీ విడిగా అడిగి, విని, నిర్ణయించే చట్టం మనకు నేటికీ లేదు. దుప్పట్లు పంచే మన సంఘాలు ఆ చట్టం కావాలని అడగడానికి ఎందుకు జంకుతున్నాయి?

ఈ బర్మా దారి తెలుగువారికి కొత్తదేమీ కాదు. 1941 డిసెంబరులో రంగం మీద జపాన్ బాంబులు పడ్డాక మనవాళ్లు ఎందరో అడవుల్లో కాలినడకన తిరిగొచ్చారు. దారిలో చనిపోయినవారికి లెక్కలేదు. 1960లలో నే విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరికొందరు కట్టుబట్టలతో వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. వారిని ఈ దేశం మనవాళ్లంది, పునరావాసం చూపింది. బాలాపూర్ గుడిసెల్లోనివారూ ఆ బర్మా నుంచి వచ్చినవారే.